నిలువు గీతకు దండం

నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను. తెలుగు రాయడం ఈ వయసులో సొంతంగా నేర్చుకున్నాను. తప్పులుంటే చెప్పండి.

ఇక్కడ అమెరికాలో మా గుడికి శ్లోకాల కాగితాలు టైపు చేసేది నేనే. శ్లోకం సగంలో ఒక నిలువు గీత, చివర రెండు గీతలు పెట్టాలి కదా. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ పైన ఉన్న కీ నొక్కితే నిలువు గీత వస్తుంది. చాలా ఏళ్లు అదే పెట్టాను.

మా గుడికి వచ్చే ఒక పెద్దావిడకు చూపు తగ్గింది. నేను పంపిన ఫైలును ఆవిడ ఫోన్ చదివి వినిపిస్తుంది. ఒకరోజు ఆవిడ, "నాయనా, శ్లోకం మధ్యలో ఈ వర్టికల్ బార్ ఎవరు?" అని నవ్వుతూ అడిగారు. నాకు సిగ్గేసింది. అప్పుడు ఈ గీత చరిత్ర చదివాను.

కీబోర్డు మీద ఉన్న గీత లెక్కలది, కంప్యూటర్లది. 1841లో జర్మన్ గణితవేత్త కార్ల్ వయర్‌స్ట్రాస్ సంఖ్యకు అటూ ఇటూ నిలువు గీతలు గీశాడు. వాటి మధ్య మైనస్ 5 రాస్తే విలువ 5 అవుతుంది. కంప్యూటర్ అక్షరాల పట్టిక ఆస్కీ 1963లో వచ్చినప్పుడు అందులో ఈ గీత లేదు. 1967 పట్టికలో ఉంది. 1970లలో యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాం ఫలితాన్ని ఇంకో ప్రోగ్రాంకు అందించడానికి దీన్ని వాడారు. గొట్టంలో నీళ్లు పంపినట్టు అన్నమాట. అందుకే పైప్ అని పేరు.

మన గీత వేరు, చాలా పాతది. దాని పేరు దండం, అంటే కర్ర. తాటాకు పుస్తకాల్లో మాటల మధ్య ఖాళీ వదిలేవారు కాదు. శ్లోకంలో ఎక్కడ ఆగాలో ఈ గీతే చెప్పేది. కామా, ఫుల్‌స్టాప్ తరవాత అచ్చు పుస్తకాలతో, ఇంగ్లీషును చూసి వచ్చాయి.

1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపి ఉంది. కానీ తెలుగు పట్టికలో దండం వెతికితే దొరకదు. అది దేవనాగరి పట్టికలో ఉంది. తెలుగు లాంటి భారతీయ లిపులు కూడా దాన్నే వాడుకోవాలి. దండం సంఖ్య 0964, జంట దండం 0965. విండోస్ కంప్యూటర్లో, వర్డ్‌లో ఆ సంఖ్య టైపు చేసి, వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే గీత వస్తుంది.

పాత కాగితాలన్నీ కూర్చుని మార్చాను. రెండు గీతలూ కంటికి ఒకేలా ఉంటాయి. కానీ పెద్దావిడ ఫోన్ ఇప్పుడు ఆ ఇంగ్లీషు పేరు చెప్పడం లేదు. అక్కడ కాసేపు ఆగి, తరవాతి పాదం చదువుతోంది.

మీరూ శ్లోకాలు టైపు చేస్తుంటే ఒకసారి చూసుకోండి. పైప్ పెట్టకండి, దండం పెట్టండి.