ట్రాక్టర్ బోల్తా ప్రమాదాలు: కారణాలు, గాయాలు, నష్టపరిహారం

ట్రాక్టర్ గానీ, దానికి తగిలించిన ట్రాలీ గానీ నిలకడ కోల్పోయి పక్కకో వెనక్కో తిరగబడటమే ట్రాక్టర్ బోల్తా. కార్లు, బస్సుల బోల్తాకు సాధారణంగా వేగం తోడవుతుంది. ట్రాక్టర్‌కు అదీ అక్కర్లేదు. దమ్ము చేస్తున్న మడిలో నడక వేగంతో కదులుతూ కూడా అది డ్రైవర్ మీద పడగలదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో నాగలి, ఎరువుల బండి, కూలీల బస్సు అన్నీ ట్రాక్టరే. చట్టం దృష్టిలో మాత్రం అది డ్రైవర్ ఒక్కడే ఎక్కాల్సిన యంత్రం. 1989 నాటి రహదారి నిబంధనలు ట్రాక్టర్ మీద ఇంకెవరినీ ఎక్కించుకోకూడదని సూటిగానే చెప్పాయి. అయినా మడ్‌గార్డు మీద ఇద్దరు, ట్రాలీలో ఇరవై మంది లేనిదే నాట్ల కాలం గడవదు. బోల్తా పడినప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నదే రెండుసార్లు లెక్కకొస్తుంది: ఏ గాయం తగిలిందో తేల్చడానికి ఒకసారి, పరిహారం ఎవరు కట్టాలో తేల్చడానికి ఇంకోసారి.

2018లో ఇలాంటి రెండు ఘోరాలు తెలంగాణలో మూడు నెలల లోపే జరిగాయి. ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ సాగునీటి కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా లక్ష్మాపురం దగ్గర మరో ట్రాక్టర్ మూసీ కాలువలోకి తిరగబడి 15 మంది ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా మృతుల్లో దాదాపు అందరూ పొలం పనికి బయల్దేరిన ఆడకూలీలే.

ఎందుకు తిరగబడుతుంది

ట్రాక్టర్‌కు నాలుగు చక్రాలున్నా పక్క వాలు విషయంలో అది మూడు కాళ్ల మీదే నిలబడుతుంది. గతుకుల్లో చక్రాలన్నీ నేలను అంటి ఉండాలని ముందు ఇరుసును మధ్యలో ఒకే పిన్ను మీద ఊగేలా బిగిస్తారు. దాంతో బరువును మోసే ఆధారం రెండు వెనుక చక్రాలు, ఆ పిన్ను కలిసిన త్రికోణం మాత్రమే. వెనుక చక్రాల మధ్య వెడల్పు 1.35 మీటర్లు, గరిమనాభి నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. కాగితం మీద లెక్కిస్తే 42 డిగ్రీల వాలు దాకా బండి నిలబడాలి. త్రికోణం ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి అసలు హద్దు అంతకన్నా తక్కువే. ఒక చక్రం గట్టెక్కి రెండోది బోదెలో దిగిందా, ఆ కాస్త వెసులుబాటూ పోతుంది.

మలుపులో వేగం రెండింతలైతే పక్కకు నెట్టే బలం నాలుగింతలవుతుంది. పొలంలో ఏమీ కాని మలుపు తారురోడ్డు మీద ప్రాణాంతకం కావడం అందుకే. దీనికి తోడు బ్రేకుల సంగతి ఒకటుంది. ట్రాక్టర్‌కు కుడి, ఎడమ వెనుక చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. చాలు చివర ఒక చక్రాన్ని ఆపి అక్కడికక్కడే తిప్పుకోవడానికి ఆ ఏర్పాటు. రోడ్డెక్కే ముందు రెంటినీ కలిపి కొక్కెం వేయాలి. పొలం నుంచి నేరుగా రోడ్డెక్కి, కొక్కెం మరిచిపోయి, ఎదురుగా గేదె వచ్చిందని ఒక్క పెడల్ తొక్కితే ఒక చక్రమే ఆగుతుంది, బండి గిర్రున తిరిగి పడుతుంది. డ్రైవర్లందరికీ తెలిసిన విషయమే ఇది. అరిగిపోయిన కొక్కెం మార్పించేవాళ్లే తక్కువ.

వెనక్కి తిరగబడటం దీనికన్నా భయంకరం. ఇంజను బలం ఇరుసును తిప్పుతుంది. చక్రాలు బురదలో దిగబడి కదల్లేనప్పుడు అదే బలం ట్రాక్టర్ శరీరాన్ని ఇరుసు చుట్టూ పైకి లేపుతుంది. ముందు చక్రాలు లేచిన తర్వాత ముప్పాతిక సెకనులోనే తిరుగులేని స్థితికి చేరుతుందని వ్యవసాయ ఇంజనీర్లు చెబుతారు. క్లచ్ తొక్కాలని డ్రైవర్‌కు తట్టేలోపే పని అయిపోతుంది. దిగబడిన బండిని బయటికి తీయడానికి వెనుక చక్రాలకు దుంగ కట్టి ఫస్టు గేరులో గట్టిగా రేజ్ చేయడం చాలా ఊళ్లలో కనిపించే పద్ధతి. దుంగ నేలకు అడ్డంపడి చక్రం ఆగగానే ఇంజను పైకి లేస్తుంది. బరువును డ్రాబార్‌కు కాకుండా పైన టాప్ లింకు దగ్గర తగిలించి లాగినా ఇదే ఫలితం. దిగబడినప్పుడు రివర్సులో వెనక్కి రావడం, లేదా ఇంకో బండితో లాగించుకోవడం క్షేమం.

ట్రాలీ సంగతి వేరు. వాటిలో చాలావాటికి సొంత బ్రేకులుండవు. దిగుడులో డ్రైవర్ బ్రేకు వేస్తే వెనుక నుంచి ట్రాలీ నెట్టుకొస్తుంది, ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది. కాలువ కట్ట మీదైతే అంచున మెత్తబడిన మట్టి చాలు. పైగా ఇటుకలు, ధాన్యం బస్తాలు ట్రాలీ అడుగున ఉంటే, మనుషులు నిలబడో, పక్క పలకల మీద కూర్చునో ఉంటారు కనుక గరిమనాభి పైకి జరుగుతుంది. మలుపులో అందరూ ఒక వైపుకు ఒరిగితే బరువూ అటే పోతుంది.

గాయాలు

డ్రైవర్ సీటుకూ స్టీరింగుకూ మధ్య ఇరుక్కుపోతాడు. రెండు టన్నుల బరువు ఛాతీ మీద పడితే ఎముకలు విరగకపోయినా ఊపిరి తీసుకోలేక చనిపోవచ్చు. కటి ఎముక విరిగితే లోపలే లీటర్ల కొద్దీ నెత్తురు కారిపోతుంది, పైకి చుక్క కనపడదు. వెన్నుపూస దెబ్బలు, తల గాయాలు, కారిన డీజిలుకు నిప్పంటుకుని కాలిన గాయాలు కూడా ఉంటాయి.

కాలు చక్రం కింద గంటల తరబడి నలిగినవాళ్లకు మరో ముప్పుంది. నలిగిన కండరం నుంచి పొటాషియం, మయోగ్లోబిన్ విడుదలవుతాయి. బరువు తీసేయగానే అవి ఒక్కసారిగా రక్తంలో కలిసి గుండె లయను దెబ్బతీస్తాయి, మూత్రపిండాలను పాడుచేస్తాయి. మాట్లాడుతూ ఉన్న మనిషి, బయటికి తీసిన కాసేపటికే కుప్పకూలడానికి ఇదే కారణం. దీన్ని క్రష్ సిండ్రోమ్ అంటారు. 1941లో లండన్ బాంబుదాడుల బాధితులను పరిశీలించిన వైద్యులు దీన్ని వివరంగా నమోదు చేశారు. ఎక్కువసేపు ఇరుక్కున్నవారికి బరువు ఎత్తేలోపే సెలైన్ ఎక్కించడం చికిత్సలో ముఖ్యభాగం. అందుకని జేసీబీ కోసం కబురు పెట్టేటప్పుడే 108కీ ఫోన్ చేయాలి.

ట్రాలీలోని వాళ్లు రోడ్డు మీద పడితే ఎగిరిపడి తలలు పగులుతాయి. నీళ్లలో పడితే ట్రాలీ గంప బోర్లించినట్టు వాళ్ల మీద మూతపడుతుంది. అప్పుడు మోకాలి లోతు నీళ్లు కూడా చాలు. ఈత వచ్చినా ప్రయోజనం ఉండదు.

డ్రైవర్‌ను కాపాడే సాధనం చాలా కాలంగా ఉంది. సీటు వెనుక ఉక్కు కమానులా నిలబడే ఈ రక్షణ చట్రాన్ని రోప్స్ అంటారు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు దీన్ని తప్పనిసరి చేసింది. ఆ తర్వాత అక్కడ బోల్తా మరణాలు బాగా తగ్గిపోయాయి. అమెరికాలో 1976 అక్టోబరు 25 తర్వాత తయారై, జీతగాళ్లు నడిపే ట్రాక్టర్లకు తప్పనిసరైంది. ఈ చట్రం ఉంటేనే సీటు బెల్టు పెట్టుకోవాలి. చట్రం లేని ట్రాక్టర్ మీద బెల్టు పెట్టుకుంటే దూకే అవకాశమూ పోతుంది. మన పొలాల్లోని పాత ట్రాక్టర్ల మీద కనిపించే రేకు టాపు ఎండకే గానీ బోల్తాకు పనికిరాదు. ట్రాలీలో ఉన్నవాళ్లను రోప్స్ కూడా కాపాడలేదు.

నష్టపరిహారం

కేసు మోటారు వాహనాల చట్టం, 1988 కింద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. ప్రమాదం జరిగిన చోటే కాక బాధితులు నివసించే చోట కూడా వేయవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఆరు నెలల్లోగా దరఖాస్తు పెట్టుకోవాలి. దారులు రెండు. తప్పు ఎవరిదో నిరూపించనక్కర్లేని 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు. నిర్లక్ష్యం నిరూపించే 166వ సెక్షన్ కింద మొత్తానికి పరిమితి లేదు. ఇంకో వాహనం ప్రమేయం లేకుండా బండి తిరగబడిందంటే డ్రైవర్ నిర్లక్ష్యాన్ని ఊహించడం కోర్టులకు కష్టం కాదు. కాబట్టి కూలీల కుటుంబాలకు ఆ భాగం సులువే.

లెక్క కట్టే తీరును సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ, 2017లో ప్రణయ్ సేఠీ తీర్పుల్లో స్థిరపరిచింది. ఉదాహరణకు 38 ఏళ్ల కూలీ మహిళ నెలకు 12,000 రూపాయలు సంపాదించేదనుకుందాం. నలభై లోపు వయసు కనుక భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 16,800. ఆధారపడినవాళ్లు భర్త, ఇద్దరు పిల్లలైతే ఆమె సొంత ఖర్చు కింద మూడోవంతు తీసేస్తే 11,200. ఏడాదికి 1,34,400. ఆ వయసుకు గుణకం 15 కనుక 20,16,000 రూపాయలు. దీనికి అంత్యక్రియలు, ఆస్తి నష్టం, ఆత్మీయతను కోల్పోయినందుకు ఇచ్చే మొత్తాలు కలుస్తాయి. ఇవి 2017లో వరుసగా 15,000, 15,000, 40,000. మూడేళ్లకోసారి పది శాతం పెంచాలని కోర్టే చెప్పింది.

ఆ డబ్బు ఎవరు కట్టాలి అన్న దగ్గరే అసలు చిక్కు. సరుకు వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికుల బాధ్యత బీమా సంస్థకు లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ట్రాక్టర్‌కు ఒక్క సీటే కనుక మడ్‌గార్డు మీద కూర్చున్నవారికి పాలసీ వర్తించదని బీమా సంస్థలు వాదిస్తాయి. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్, విడిగా బీమా లేకపోతే అదొక అభ్యంతరం. వ్యవసాయానికని పాలసీ తీసుకుని ఇసుక తోలుతుంటే ఇంకొకటి. ప్రమాదం పొలంలో జరిగితే అది బహిరంగ స్థలం కాదన్న వాదన కూడా వస్తుంది. ఇవన్నీ గెలిస్తే భారం యజమాని మీద పడుతుంది. రెండెకరాల రైతు చేతిలో ఇరవై లక్షల తీర్పు పెడితే బాధితులకు వచ్చేది కాగితమే. అందుకే కొన్ని కేసుల్లో కోర్టులు ముందు బీమా సంస్థను చెల్లించమని, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోమని ఆదేశిస్తున్నాయి. ఇది బాధితుల హక్కేమీ కాదు, కోర్టు విచక్షణ.

లైసెన్సు విషయంలో మాత్రం కొంత స్పష్టత వచ్చింది. ట్రాక్టర్ నడిపే లైసెన్సు ఉన్నవాడు ట్రాలీ తగిలించినంత మాత్రాన అర్హత కోల్పోడని 2001లో నాగశెట్టి కేసులో తీర్పు వచ్చింది.

కేసు నిలబడాలంటే ఎఫ్ఐఆర్, పంచనామా, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) నివేదిక, పోస్ట్‌మార్టం లేదా గాయాల ధ్రువపత్రం ఉండాలి. ఎఫ్ఐఆర్‌లో 'ట్రాక్టర్‌పై ప్రయాణిస్తుండగా' అని రాశారా, 'సరుకు దించే కూలీగా ట్రాలీలో ఉండగా' అని రాశారా అన్నదాని మీద లక్షలు ఆధారపడతాయి. రైతు స్వయంగా పెట్టుకున్న కూలీ, సరుకుతో పాటు వెళ్తున్న మనిషి అయితే బీమా రక్షణ పరిధిలోకి తెచ్చే వీలుంటుంది. జీతానికి నడిపే డ్రైవర్, పనివారు కావాలంటే నిర్లక్ష్యం ప్రసక్తి లేని ఉద్యోగుల పరిహార మార్గంలో వెళ్లవచ్చు. రెండు మార్గాల్లోనూ ఒకేసారి కుదరదు, ఒకటి ఎంచుకోవాలి. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి అమలైన రైతు బీమా 5 లక్షలు ఇస్తుంది గానీ అది పట్టాదారులకు. ట్రాలీలో కూర్చునే భూమిలేని కూలీకి అందదు.

స్వయంగా నడుపుతూ తన నిర్లక్ష్యం వల్లే చనిపోయినవాడి కుటుంబానికి 166వ సెక్షన్ పనికిరాదు. కర్ణాటకలో 2014లో కారు బోల్తాపడి మరణించిన వ్యక్తి కుటుంబం వేసిన అప్పీలును సుప్రీంకోర్టు 2025 జులైలో ఈ కారణంతోనే కొట్టేసింది. ట్రాక్టర్ యజమానే డ్రైవరైతే అతని కుటుంబానికి మిగిలేది పాలసీతో పాటు తీసుకునే వ్యక్తిగత ప్రమాద బీమా, 15 లక్షల రూపాయలు. అతనికి చెల్లే లైసెన్సు ఉంటేనే అదీ వస్తుంది. ట్రిబ్యునల్ తీర్పు నచ్చనివాళ్లు 90 రోజుల్లోగా హైకోర్టుకు వెళ్లవచ్చు. మైనర్ పిల్లల వాటాను మాత్రం ట్రిబ్యునళ్లు సాధారణంగా వారికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా బ్యాంకులో డిపాజిట్ చేయిస్తాయి.