మందుల చీటీతో పుట్టని వైద్యం

తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారికి ఇంటి దగ్గరే బృందంగా అండగా నిలిచే పద్ధతి గురించి అమెరికన్ చరిత్రలు ఒకే వరస చెబుతాయి. 1954లో క్లోర్‌ప్రొమజీన్ మార్కెట్లోకి వచ్చింది, 1963లో సామాజిక మానసిక ఆరోగ్య కేంద్రాల చట్టంపై కెనడీ సంతకం చేశాడు, ఆస్పత్రులు ఖాళీ అయ్యాయి, బృందాలు వచ్చాయి. తేదీలు సరే, కార్యకారణమే కుదరదు. మందూ చట్టమూ మంచాలు ఖాళీ చేయించాయి గానీ, బయటికి వెళ్లినవాళ్లలో చాలామంది మళ్లీ మళ్లీ ఆస్పత్రికే చేరారు. బృందం పుట్టింది ఆ వైఫల్యంలోంచే.

అమెరికాలో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో మెండోటా మానసిక ఆస్పత్రి ఉంది. మార్క్స్, స్టైన్, టెస్ట్ అనే పరిశోధకులు అక్కడి వార్డులో రోగులకు సొంతంగా బతకడం నేర్పి చూశారు. వార్డులో నేర్చుకున్నది బయట నిలవలేదు. బార్బ్ లాంట్జ్ అనే ఉద్యోగిని మాత్రం ఇంటికెళ్లిన రోగుల వెంట తానూ వెళ్లేది. ఆమె వెంట ఉన్నవాళ్లు తిరిగి రావడం తక్కువని తోటివాళ్లు గమనించారు. 1972 నాటికి సిబ్బందే ఊళ్లోకి కదిలారు. రోగి ఉండే చోటే బట్టలుతకడం, వంట, బస్సెక్కడం, సరుకులు కొనడం దగ్గరుండి నేర్పారు.

అసలు వివాదం 1980లో అచ్చయిన ఈ మాడిసన్ ప్రయోగ ఫలితాల దగ్గర మొదలవుతుంది. రెండు గుంపులు, ఒక్కోదానిలో 65 మంది. ఒక గుంపుకు 14 నెలలు బృందం అండ. ఆ గుంపులో ఆస్పత్రి వాసం తగ్గింది, పనుల్లో కుదురుకున్నవాళ్లు పెరిగారు. ఈ సగాన్నే అందరూ ఉటంకిస్తారు. బృందం తప్పుకున్నాక ఆ మేలు చాలావరకు కరిగిపోయిందన్నది రెండో సగం. గడువు పెట్టకూడదన్నదే నా దృష్టిలో మాడిసన్ నేర్పిన అసలు పాఠం.

బ్రిటన్‌లో 708 మందితో జరిగి, 1999లో ఫలితాలు అచ్చయిన యూకే 700 ప్రయోగాన్ని ఎదురు సాక్ష్యంగా చూపుతారు. ఒక్కో ఉద్యోగికి రోగుల సంఖ్య తగ్గించినా ఆస్పత్రి రోజులు తగ్గలేదు. కానీ అక్కడ తగ్గింది ఆ సంఖ్యే. రోగుల బాధ్యతను అంతా కలిసి మోసే బృందం అందులో లేదు. పైగా బ్రిటన్‌లో మామూలు సేవలే అప్పటికి ఇళ్ల దాకా వెళ్తున్నాయి. ఆస్పత్రి వాడకం ఎక్కువున్న చోటే ఈ సేవల లాభం బాగా కనబడుతుందని 2007 నాటి విశ్లేషణ తేల్చింది. అంచేత మంచాల ఆదాను అన్ని చోట్లా ఆశించలేం. ఈ పద్ధతిని విమర్శించిన టోమీ గోమరీ ఎత్తిచూపిన నిర్బంధం సంగతీ తోసిపుచ్చలేనిదే: ఇల్లు, డబ్బు, మందు ఒకే బృందం చేతిలో ఉంటే రోగి కాదనగలిగేది ఎంత?

నేడు పేరు మిగిలి పని పలచబడిన బృందాలు చాలా ఉన్నాయి. ఇంటికెళ్లి మాత్ర మింగించి రావడాన్నే కొన్ని సేవ అనుకుంటున్నాయి. నెదర్లాండ్స్‌వాళ్లు మార్చుకున్న పద్ధతే నాకు నచ్చింది. కుదుటపడ్డవారిని బృందంలో ఒక్కరే చూసుకుంటారు. జబ్బు ముదిరితే వారి పేరు బోర్డుకెక్కి, బృందమంతా రంగంలోకి దిగుతుంది. చూసుకునే మనిషి మారడు, బృందమూ మారదు. దీనికి ఖర్చు తప్పదు. కోలుకున్నాడన్న సాకుతో ఆ ఖర్చు ఎగ్గొట్టే ప్రభుత్వాలు 1980 ఫలితాల రెండో సగాన్ని రోగుల మీద మళ్లీ ప్రయోగిస్తున్నట్టే లెక్క.