విదేశీ సాయం – తాలూకా ఆఫీసు రిజిస్టరు

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరినప్పుడు కొంత సందేహించాను. రాజుల గురించీ కోటల గురించీ రాయగల పెద్దలు మన సభ్యులలోనే ఉన్నారు. ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసిన నాబోటి వాడికి తెలిసిన చరిత్ర ఫైళ్ళ చరిత్రే. కనుక ఆ ఫైళ్ళలో బాగా ఎరుకైన విషయాన్నే ఎత్తుకుంటున్నాను. మన దేశాభివృద్ధికి బయటి నుంచి సాయం వచ్చింది. దాన్ని ఎవరు ఎక్కడ కూర్చుని సర్దారు? ఆ సర్దుబాటు ఊరిదాకా ఎలా చేరింది, ఎక్కడ చేరలేదు? ఇదీ విషయం.

రెండవ పంచవర్ష ప్రణాళిక ఆరంభమైన రెండేళ్ళకే మన విదేశీ మారక నిల్వలు అడుగంటాయి. 1958 ఆగస్టులో ప్రపంచ బ్యాంకు వారు అమెరికా, బ్రిటన్, పశ్చిమ జర్మనీ, జపాన్, కెనడా ప్రతినిధులను వాషింగ్టన్‌లో కూర్చోబెట్టి మాట్లాడారు. అదే తర్వాత 'ఎయిడ్ ఇండియా కన్సార్టియం' అయింది. పెళ్ళికి చుట్టాలందరూ కూర్చుని ఎవరెంత చదివిస్తారో ముందుగా చెప్పుకున్నట్లు, ఏ దేశం ఎంత ఇస్తుందో అక్కడ చెప్పుకునేవారు. అయితే చదివింపులు ఎంతో తేలినంత మాత్రాన వంట ఎవరు చేస్తారో, వడ్డన ఏ పంక్తి నుంచి మొదలో తేలదు గదా! రూర్కెలా ఉక్కు జర్మనీ వారిది, దుర్గాపూర్ బ్రిటన్ వారిది. భిలాయికి సాయపడిన సోవియట్ రష్యా అసలు ఆ కన్సార్టియంలోనే లేదు. అందరి లెక్కా ఒకే చోట కనిపించే బల్ల ఒక్కటే ఉండేది. అది ఢిల్లీలో, ఆర్థిక మంత్రిత్వ శాఖలోని ఆర్థిక వ్యవహారాల విభాగం.

ఏ విదేశమైనా, ఏ బ్యాంకైనా రాష్ట్రానికి సాయం చేయాలంటే ఆ బల్ల మీదుగానే రావాలి. దీని వల్ల అయ్యే జాప్యానికి మనమంతా విసుక్కున్నవాళ్ళమే. ఢిల్లీ నుంచి ఒక క్లియరెన్సు కోసం నెలల తరబడి రిమైండర్లు కొట్టిన చేతులివి. అయినా ఇప్పుడు ఆలోచిస్తే ఆ పట్టు మంచిదేననిపిస్తుంది. డబ్బిచ్చిన వారు తలా ఒక జిల్లాను పంచుకుని కూర్చోకుండా ఆపింది అదే.

జిల్లా స్థాయిలో నా దృష్టిలో మొట్టమొదటి మంచి ఉదాహరణ మన పశ్చిమ గోదావరి. దేశంలో ఆహార సంక్షోభం గురించి ఫోర్డ్ ఫౌండేషన్ నిపుణుల బృందం 1959లో నివేదిక ఇచ్చింది. దాని మీద 1960-61లో తంజావూరు, లూధియానా, అలీగఢ్, రాయపూర్, షాహాబాద్, పాలీ జిల్లాలతో పాటు పశ్చిమ గోదావరిని కూడా సాంద్ర వ్యవసాయ పథకానికి ఎన్నుకున్నారు. జనం నోట అది 'ప్యాకేజీ ప్రోగ్రాం'. విత్తనం ఒక శాఖ, ఎరువు ఒక శాఖ, అప్పు సహకార సంఘం అన్న పాత పద్ధతి పోయి, రైతుకు ఒకే సాగు ప్రణాళిక రాసి అన్నీ దాని ప్రకారం అందించాలన్నది అందులోని కిటుకు. డబ్బులో కొంత ఫోర్డ్ వారిదైనా, రైతు గడప తొక్కింది మన గ్రామసేవకుడే. సాయం చేసిన వారి పేరు రైతుకు తెలియాల్సిన పనే లేకపోయింది.

ఐక్యరాజ్య సమితి సంగతి వేరు. యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, ఎవరికి వారు తమకు సంబంధించిన మంత్రిత్వ శాఖతో విడివిడిగా మాట్లాడుకునేవారు. ఈ గందరగోళం మీద 1969లో సర్ రాబర్ట్ జాక్సన్ పెద్ద నివేదిక ఇచ్చారు. చివరకు ఒక దేశంలో ఆ సంస్థల అభివృద్ధి కార్యకలాపాలన్నిటినీ సమన్వయపరచే బాధ్యత ఒకే అధికారికి అప్పగించాలని 1977 డిసెంబరు 20న సర్వప్రతినిధి సభ తీర్మానించింది. రెసిడెంట్ కోఆర్డినేటర్ అన్న పదవికి మూలం అదే.

న్యూయార్క్‌లో ఆ తీర్మానం జరగడానికి దాదాపు నెల ముందు, నవంబరు 19న, మన కోస్తా మీద ఉప్పెన పడింది. దివిసీమ పేరు వింటే నేటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. నేనప్పుడు తీర ప్రాంతపు తాలూకా ఆఫీసు ఒకదానిలో ఎల్.డి.సి.ని, ఇరవై ఏడేళ్ళ వాడిని. మొదటి మూడు వారాలు మేము చూసినది ఇక్కడ రాయను.

సంక్రాంతి దాటాక పునర్నిర్మాణం మొదలైంది. స్వచ్ఛంద సంస్థలు ఊళ్ళను దత్తత తీసుకుని ఇళ్ళు కట్టించే ఏర్పాటు జరిగింది. రామకృష్ణ మిషన్ వంటి మన సంస్థలు వచ్చాయి, విదేశీ విరాళాలతో నడిచే సంస్థలూ వచ్చాయి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976లోనే అమలులోకి వచ్చింది గనుక, దాని ప్రకారం ఏ కాగితం ఎవరికి పంపాలో మాకూ తెలియదు, వారికీ తెలియదు. ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారో తెలియక తికమకగా ఉండడంతో తహసీల్దారు గారు నన్ను పిలిచి ఒక రిజిస్టరు తెరవమన్నారు. ఊరు, జనాభా, పడిపోయిన ఇళ్ళు, దత్తత తీసుకున్న సంస్థ, కడతామన్న ఇళ్ళు, మొదలైనవి, పూర్తయినవి – ఇవీ కాలములు. ఊళ్ళ పేర్లు జమాబందీ పట్టికలో నుంచి ఒక్క రాత్రిలో ఎక్కించేశాను. చేతిరాత బాగుందని మెచ్చుకున్నారు కూడా.

మార్చి నాటికి దత్తత కాలములో ఖాళీ అన్నది లేదు. ఆ మేరకు స్టేట్‌మెంటు టైపు చేసి పైకి పంపాము. రోడ్డు మీది ఊళ్ళలో రెండేసి, మూడేసి సంస్థల బోర్డులు వెలిశాయి. ఒకచోట కొన్ని కుటుంబాలకు రెండేసి ఇళ్ళు కూడా వచ్చాయి. అది పట్టుకున్నామని, రిజిస్టరు ఉండబట్టే తెలిసిందని మేము గర్వపడ్డాము.

ఏప్రిల్‌లో ఒక మత్స్యకారుల పెద్ద వచ్చి, నడవాలో చాలాసేపు నిలబడి, "అయ్యా, మా పాలేన్ని ఏ కంపెనీకిచ్చారు?" అని అడిగాడు. దత్తత సంస్థలను వాళ్ళు కంపెనీలనే అనేవారు. రిజిస్టరు తిరగేశాను. ఆ పాలేనికి పేజీ లేదు. ఎందుకు లేదంటే అది రెవెన్యూ గ్రామం కాదు, మరో ఊరికి శివారు. అసలు ఊరి పేజీలో సంస్థ పేరుంది, ఇళ్ళ లెక్క ఉంది. ఆ సంస్థవారు అసలు ఊళ్ళో కరణం ఇచ్చిన జాబితా ప్రకారం కట్టుకుంటూ పోయారు. పాలెం మురుగు కాలువకు అవతల మూడు మైళ్ళు. "మీ ఊరు అయిపోయిందయ్యా, రిజిస్టర్లో ఉంది" అన్నాను.

"రిజిస్టర్లో కట్టారా బాబూ ఇళ్ళు?" అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్లు అడిగి, తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజే నోటు పెట్టి ఉండాల్సింది. పెట్టలేదు. 'ఖాళీ లేదు' అని పంపిన స్టేట్‌మెంటు తప్పని తిరిగి ఎలా రాయడం? ఆ పట్టిక ఎక్కించింది నేనే. మూడు వారాల తర్వాత బయటి నుంచి వచ్చిన ఒక సంస్థ ఇంజినీరు శివారుల జాబితా కావాలని అడిగితే, అప్పుడు గాని ఫైలు కదల్లేదు. "పంపినదాన్ని మనమే తప్పంటామా?" అని తహసీల్దారు గారు ముందు కస్సుమన్నారు గాని, మర్నాడు తానే జీపు తీయించి కరణాలను కూర్చోబెట్టారు. పేజీ లేని పాలేలు, వాడలు, యానాదుల గుడిసెల గుంపులు లెక్క తేలేసరికి వేళ్ళు చాలలేదు. రిజిస్టరు మళ్ళీ రాశాను, ఈసారి శివారుకో పేజీ. వారానికోసారి సంస్థల ప్రతినిధులందరినీ ఒకే గదిలో పటం ముందు కూర్చోబెట్టే పద్ధతి కూడా అప్పుడే కుదురుకుంది. ఒకరు తమ నమూనా ఇల్లే కడతామనేవారు, ఇంకొకరు తమ దాతలకు ఫోటో చూపాలి గనుక రోడ్డు దగ్గరి స్థలమే కావాలనేవారు. అయినా పటంలో తెల్లగా ఉన్న చోటు ఎదురుగా కనిపిస్తుంటే కాదనడం కష్టం.

ఆ పాలేనికి ఇళ్ళు 1979లో వచ్చాయి. ఈలోగా వాళ్ళు ఒక వర్షాకాలం మొత్తం తాటాకు పాకల్లో గడిపారు. ఆ వర్షాకాలం నా ఖాతాలోది.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. మరుసటి సంవత్సరం మండలాలు వచ్చాయి. కరణాల మీద ఎన్ని ఫిర్యాదులున్నా, ఏ శివారు ఎక్కడుందో నోటి మీద చెప్పగలిగినవాళ్ళు కూడా వాళ్ళతోనే పోయారు. 1990 మే తుపానుకు లక్షలాది మందిని ముందుగానే ఖాళీ చేయించగలిగాము. తుపాను షెల్టర్లు ఆదుకున్నాయి. మృతుల సంఖ్య వేయి లోపే ఆగింది.

చివరి పదేళ్ళ సర్వీసు విదేశీ సాయంతో నడిచే ప్రాజెక్టుల సెక్షన్‌లో గడిచింది. ఐక్యరాజ్య సమితి వారి సంవత్సరం జనవరి నుంచి, ప్రపంచ బ్యాంకు వారిది జూలై నుంచి, మనదీ బ్రిటన్‌దీ ఏప్రిల్ నుంచి. ఖర్చు ఒకటే, కాగితాలు మూడు రకాలు. యు.ఎన్.డి.పి. సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో మహిళా సంఘాలు నడిచాయి. అంతకు ముందే యూనిసెఫ్ తోడ్పాటుతో మొదలైన డ్వాక్రా సంఘాలున్నాయి. 2000లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో 'వెలుగు' వచ్చింది. ఒకే వీధిలో ఒకే అమ్మ రెండు పుస్తకాలు పట్టుకుని రెండు సంఘాల్లో కూర్చోవడం నేనెరుగుదును. వీటిని ఒక గొడుగు కిందికి తేవడానికి ఏర్పడినదే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ. దాతల సంస్థ కాదు, మన రాష్ట్రానిదే. 2003లో కేంద్రం చిన్న చిన్న దాత దేశాల సాయం ఇక వద్దని ప్రకటించినప్పుడు పత్రికలు దాన్ని ఆత్మగౌరవమని రాశాయి. మా సెక్షన్‌లో మాత్రం, కొన్ని ఫారాలు తగ్గుతాయని సంతోషించాము.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. మన రాష్ట్ర తీరంలో వంద మందికి పైగా పోయారు. వారం తిరక్కుండానే ఎన్నో సంస్థలు తీరం దారి పట్టాయి. తీరంలో పని చేస్తున్న ఒక జూనియర్ మిత్రుడికి ఫోన్ చేసి, దత్తతల రిజిస్టరు తెరిచారా అని అడిగాను. కంప్యూటర్లో పెడుతున్నామన్నాడు. శివారు పాలేలకు వేరే వరుస ఉందా అన్నాను. కాసేపు అవతల ఏమీ వినపడలేదు. "చూసి చెబుతాను సార్" అన్నాడు. సాయంత్రం తానే ఫోన్ చేసి, ఆ వేళ మధ్యాహ్నమే చేర్చామని చెప్పాడు.