టెన్నిస్ ఆటగాని పంచాంగము

ఆటల వార్తలు చదివేటప్పుడు మేము ఒక్కొక్కసారి ఒకే వాక్యముతో ఒక మనిషిని సాగనంపుతూ ఉంటాము: “ఫలానావారు మొదటి రౌండులోనే ఓడిపోయినారు.” ఆయన ఆ ఊరికి ఎందుకు వచ్చినాడు, పై వారము ఎక్కడికి పోతాడు, దారిఖర్చులు ఎవరు భరిస్తారు అన్న సంగతులు ఆ వాక్యములో ఇమడవు. రైతు కార్తెలు చూచుకొని విత్తనము చల్లినట్లే, టెన్నిస్ వృత్తిగా గలవారు ఏడాదిలోని 52 వారములను ముందు పరచుకొని, ఏ పోటీలో ఆడవలె, దేనిని విడువవలె అని లెక్కవేసుకొంటారు. ఆ లెక్కకు ఒక చరిత్ర ఉన్నది.

వింబుల్డన్ పోటీలు 1877లో మొదలైనవి. ఆ తరువాత తొంభై ఏండ్లపాటు పెద్ద పోటీలన్నీ డబ్బు పుచ్చుకోనివారికే. పైకి మాత్రమే అనుకోండి. దారిబత్తెము పేరిట చేతులు మారిన సొమ్ము సంగతి ఎరుగనివారు లేరు. బాహాటముగా పుచ్చుకొన్నవారికి మాత్రము వింబుల్డన్ లేదు, డేవిస్ కప్ లేదు. వారు నాటక సమాజముల వలె ఊరూరా తిరిగేవారు. 1947 డిసెంబరు 26 రాత్రి న్యూయార్కులో పెనుమంచు కురుస్తూ ఉండగా, జాక్ క్రామర్, బాబీ రిగ్స్ తలపడిన ఆట చూడడానికి పదిహేను వేలమందికి పైగా వచ్చినారు. ఆ మీదట నెలల తరబడి ఊరు మారినదే కాని, వలకు ఆవలి మనిషి మారలేదు. తరువాత క్రామర్ తానే నిర్వాహకుడై, 1960, 1961 సంవత్సరములలో వింబుల్డన్ సెమీఫైనలు చేరిన మన రామనాథన్ కృష్ణన్‌ను కూడ ఆహ్వానించినాడు. కృష్ణన్ అంగీకరించలేదు. అంగీకరించి ఉంటే డేవిస్ కప్‌కు దూరమయ్యేవాడు.

1968 ఏప్రిలులో ఇంగ్లండులోని బోర్న్‌మత్ పట్టణములో ఆ గోడ కూలినది. వృత్తిగాండ్రు, తదితరులు కలిసి ఆడిన తొలి పోటీ అది. పురుషులలో గెలిచిన కెన్ రోజ్‌వాల్ 1000 పౌన్లు అందుకొన్నాడు. స్త్రీలలో గెలిచిన వర్జీనియా వేడ్ అప్పటికి వృత్తిలో చేరలేదు కనుక, తనకు వచ్చే 300 పౌన్లు వద్దన్నది. ఆ ఏడు వింబుల్డన్‌లో రాడ్ లేవర్‌కు 2000, బిల్లీ జీన్ కింగ్‌కు 750. ఈ వ్యత్యాసము వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

డబ్బు వచ్చినది, ఎవరిని ఆడనివ్వవలె అన్న తగవు కూడ వచ్చినది. పేరున్నవారిని నిర్వాహకులు ఇష్టానుసారము పిలిచేవారు. 1972లో ఆటగాండ్రు ఒక సంఘము కట్టుకొన్నారు. 1973 ఆగస్టు 23న ఆ సంఘము కంప్యూటరు గణించిన తొలి ర్యాంకుల పట్టికను వెలువరించినది. రుమేనియా దేశీయుడు ఈలీ నస్తాసే అందులో ప్రథముడు. నాటినుండి ఒకరి దయాదాక్షిణ్యములతో పని లేక, అంకెయే ద్వారపాలకుడైనది.

కాని ఆ అంకెను కట్టే తీరులో ఒక మెలిక ఉన్నది. సంపాదించిన పాయింట్లను ఆడిన పోటీల సంఖ్యచేత భాగించి సరాసరి తీసేవారు. ఆ భాగహారములో, చిన్న ఊరి పోటీ గెలిచినా సరాసరి తగ్గవచ్చును. ఎంచి ఎంచి ఆడి, తక్కిన వారములు ఇంటిపట్టున ఉన్నవానికి మేలు. అర్జెంటీనా వీరుడు గిల్లెర్మో విలాస్ ఆ తత్త్వము గలవాడు కాడు. పిలిచిన చోటికల్లా పోయి ఆడేవాడు. 1977లో ఫ్రెంచి, అమెరికా పోటీలతో సహా 16 పోటీలు గెలిచినాడు. అమెరికా ఫైనలులో జిమ్మీ కానర్స్‌నే ఓడించినాడు. అయినను పట్టికలో పైన నిలిచినవాడు కానర్స్. విలాస్ జీవితములో ఒక్క వారమైనా ప్రథమస్థానము చూడలేదు. ఆయన దేశీయుడైన ఒక పాత్రికేయుడు ఏండ్ల తరబడి శ్రమించి పాత లెక్కలు తిరగవేసి, 1975, 1976లలో కొన్ని వారములు ఆ స్థానము విలాస్‌దేనని వాదించగా, సంఘము 2015లో పట్టిక మార్చడానికి ఒప్పుకోలేదు. మాకు ఇది న్యాయముగా తోచదు. అయితే లెక్క తెలిసికొని ఆడినవాడు కానర్స్ అన్న మాటా కాదనలేము.

1990లో భాగహారము పోయి కూడిక వచ్చినది. ఏడాదిలో మంచి ఫలితములు 14 ఏరి కలిపితే చాలు. ఓటమి లెక్కకు రాదు. పంచాంగములు తలక్రిందులైనవి. ఆస్ట్రియాకు చెందిన థామస్ ముస్టర్ మట్టికోర్టులను వెదకి వెదకి ఆడి, 1995లో 12 పోటీలు గెలిచినాడు. అందులో 11 మట్టిమీదివే. 1996 ఫిబ్రవరిలో ప్రథముడైనాడు. వింబుల్డన్ పచ్చికమీద సింగిల్స్‌లో ఆయన ఒక్క ఆటయు గెలువలేదు! రష్యనుడు కఫెల్నికోవ్ వారము వదలక ఆడేవాడు, సింగిల్స్‌తో పాటు డబుల్స్ కూడ. 1999 మే 3న ఆయన ప్రథమస్థానము చేరినాడు. అప్పటికి ఆయన వరుస ఓటములలో ఉన్నాడు. అందరూ నవ్వినారు. 2000లో నియమము బిగించి, పై శ్రేణివారు నాలుగు గ్రాండ్‌స్లాములు, తొమ్మిది పెద్ద పోటీలు తప్పక ఆడవలెనన్నారు.

ఈ బెడదలన్నీ పైవారివి. అసలు గండము నూరవ స్థానము దగ్గర ఉన్నది. గ్రాండ్‌స్లాములో 128 మందికి చోటు. సుమారు 104 మందికే ర్యాంకునుబట్టి నేరుగా ప్రవేశము. 2025 వింబుల్డన్‌లో మొదటి రౌండులో ఓడినవానికి 66,000 పౌన్లు ఇచ్చినారు. అట్టడుగు అంతర్జాతీయ పోటీలలోనో, అందరికీ పంచే మొత్తమే 15,000 డాలర్లు. అందుచేత నూటపదవ స్థానమువాడు ప్రవేశపు గడువు లోపల నాలుగు మెట్లు ఎక్కడానికి ఏ ఖండములోని చిన్న పోటీకైనా పోతాడు. పైగా పాయింట్లకు ఆయుర్దాయము 52 వారములే. నిరుడు ఈ వారము గెలిచినది ఈ సోమవారము రాలిపోతుంది.

శరీరము కూడ ఈ లెక్కలోనిదే. మన హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జా 2005 ఫిబ్రవరిలో సొంత ఊరి పోటీ గెలిచి, 2007లో సింగిల్స్‌లో 27వ స్థానము చేరినది. మణికట్టు, మోకాళ్ళు మొరాయించగా 2013 నుండి సింగిల్స్ విడిచి డబుల్స్‌కే తన వారములన్నీ కేటాయించినది. 2015 ఏప్రిలులో ప్రపంచ ప్రథమురాలైనది. ఆ విడుపు సులువైనదని మేము అనుకోము.

చిన్న పోటీలో మంగళవారము ఓడినవానికి తక్కిన వారమంతా సంపాదన లేదు; హోటలు బిల్లు మాత్రము నడుస్తుంది. ఆ సాయంకాలము అతడు అక్కడే ఉండి అభ్యాసము చేయడమా, పై వారపు ఊరికి ముందుగా బండి ఎక్కడమా అని ఖర్చులు కూడుకొంటూ ఉంటాడు.