డాస్ ఆటలకు రిపేర్ చేసేది ఎవరు?

ఇవాళ ఒక పాత దోస్త్ గురించి మాట్లాడుకుందాం. పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా.

మా పాతబస్తీలో చాలామందికి స్కూల్ కంప్యూటర్ పీరియడ్ అంటే ఇదీ, డేంజరస్ డేవూ. ఇప్పుడు అదే పాత ఫైల్‌ని మీ విండోస్ 11లో డబుల్ క్లిక్ చేసి చూడండి. ఓపెన్ కాదు. ఎందుకంటే అది 16 బిట్ డాస్ ప్రోగ్రామ్. 64 బిట్ విండోస్ దాన్ని నడపదు. పైగా అప్పటి ఆటలు కొన్ని ప్రాసెసర్ స్పీడ్‌ని నమ్ముకుని రాసినవి. ఇప్పటి చిప్ మీద పెడితే, మనం కీ నొక్కేలోపే గేమ్ ఓవర్.

దీనికి మందు కనిపెట్టింది అభిమానులే. నెదర్లాండ్స్‌కి చెందిన పీటర్ వీన్‌స్ట్రా, షూర్డ్ వాన్ డెర్ బెర్గ్ మొదలుపెట్టిన డాస్‌బాక్స్ 2002లో వచ్చింది. ఇది మీ ల్యాప్‌టాప్ లోపల ఇంకో పాత కంప్యూటర్‌ని సృష్టిస్తుంది. పాత ప్రాసెసర్, పాత సౌండ్ కార్డ్, అన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే. ఆటకి ఆ తేడా తెలియదు.

ప్రిన్స్ కథ ఇంకా మజాగా ఉంటుంది. జోర్డాన్ మెక్నర్ దీన్ని 1989లో యాపిల్ 2 కోసం చేశాడు. తన తమ్ముడు పరిగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికల్నే ప్రిన్స్‌కి పెట్టాడు. సోర్స్ కోడ్ పోయిందనే అనుకున్నాడు. 2012లో వాళ్ల నాన్న పంపిన అట్టపెట్టెలో ఫ్లాపీలు దొరికాయి. వాటిని చదివించి, కోడ్‌ని అందరికీ ఇచ్చేశాడు. కానీ అది యాపిల్ కోడ్. మనం ఆడిన డాస్ ఆటని అభిమానులు విడదీసి, అర్థం చేసుకుని, సీ భాషలో మళ్లీ రాశారు. అదే ఎస్‌డీఎల్‌పాప్. విండోస్, లినక్స్, మ్యాక్, అన్నిట్లో నడుస్తుంది.

అన్ని ఆటలకీ ఇంత అదృష్టం లేదు. వైస్ సిటీని ఇలాగే తిరగరాస్తే, 2021 ఫిబ్రవరిలో టేక్-టూ కంపెనీ గిట్‌హబ్ నుంచి తీయించింది. సెప్టెంబర్‌లో కేసు కూడా వేసింది. కంపెనీకి హక్కు ఉంది, కాదనను. కానీ 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క చూడండి. 2010కి ముందు అమెరికాలో వచ్చిన ఆటల్లో 87 శాతం ఇవాళ కొందామన్నా మార్కెట్లో లేవు. అమ్మరు, కాపాడనివ్వరు. మరి అవి ఎవరి దగ్గర బతకాలి?

1591 నాటి చార్మినార్ ఇవాళ్టికీ నిలబడి ఉందంటే ఊరికే కాదు. గచ్చు ఊడితే మళ్లీ పూయడానికి పురావస్తు శాఖ ఉంది. ఆటలకి అలాంటి శాఖ లేదు. రాత్రిళ్లు కూర్చుని, జీతం లేకుండా కోడ్ రాసేవాళ్లే ఆ శాఖ.

మీ ఇంట్లో పాత గేమ్ సీడీలు ఉంటే పారేయకండి. అవి పాడైపోకముందే ఒక కాపీ తీసి పెట్టుకోండి. మీరు ల్యాబ్‌లో ఆడిన మొదటి ఆట ఏంటో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం!