పూలలోయలో ఎవరి అడుగులు?

జూన్‌లో ఘాంఘరియా నుంచి పూలలోయకు వెళ్తుంటే పుష్పావతి నది దాటాక దారికి అడ్డంగా హిమానీనదం వస్తుంది. కాలి కింద మంచు, దాని కింద నీళ్ల హోరు. నాకన్నా ముందు వెళ్లినవాళ్ల అడుగుల గుంటల్లోనే అడుగులేస్తూ దాటాను. ఆ గుంటలే లేకపోతే నాకు దారి లేదు. అవతల, దాదాపు 3,500 మీటర్ల ఎత్తున పచ్చికబయలు. గఢ్వాల్‌లో ఇలాంటి మైదానాలను బుగ్యాల్ అంటారు.

దీన్ని 1931లో ఫ్రాంక్ స్మైత్ 'కనుగొన్నాడు' అంటారు. కామెట్ శిఖరం ఎక్కి తిరిగివస్తూ ఆయన బృందం ఈ లోయలోకి దిగింది. 1937లో ఆయన మళ్లీ వచ్చాడు, 1938లో పుస్తకం రాశాడు. అప్పటికే దానికి భ్యుందార్ లోయ అని పేరుంది. కింది ఊళ్లవాళ్లు వేసవిలో పశువుల్ని తోలుకొచ్చేవాళ్లు. తెలిసిన చోటిని కనుగొనడమేమిటి?

లోయ నడుమ ఒక సమాధి ఉంది. జోన్ మార్గరెట్ లెగ్ 1939లో మొక్కలు సేకరించడానికి ఒంటరిగా ఇంగ్లండు నుంచి వచ్చింది. జులై 4న రాళ్ల వాలు మీద జారిపడి చనిపోయింది. అప్పటికామెకు 54 ఏళ్లు. తర్వాత ఆమె సోదరి వచ్చి ఆ రాయి పెట్టించింది. ఆ వయసులో ఒంటరిగా ఇంత దూరం వచ్చినందుకు ఆమె ముందు కాసేపు నిలబడ్డాను. అయితే ఆమె ఎర్ల్ బిడ్డ. రావడానికి డబ్బుంది, పేరు చెక్కించడానికి మనుషులున్నారు. లోయలో ఏ గడ్డి ఎప్పుడు మొలుస్తుందో, ఏ వేరు ఏ జబ్బుకు పనికొస్తుందో తెలిసిన ఆడవాళ్లకు రాయి లేదు.

1982లో లోయ నేషనల్ పార్కయింది. పశువుల మేత నిషేధించారు. అదే ఏడు నందాదేవి కూడా పార్కయింది. ఆ కొండల పక్కనే రేణీ గ్రామం. 1974 మార్చి 26న గౌరాదేవి, ఆమెతోటి స్త్రీలు చెట్లకు అడ్డు నిలబడి అడవిని నరకనివ్వలేదు. ఆ అడవిని కాపాడిన ఊరికే పై పచ్చికబయళ్లు దూరమయ్యాయి. రక్షణ పేరుతో గీసిన గీత, రక్షించినవాళ్లను బయట నిలబెట్టింది.

దిగుతూ ఉంటే పులనా దగ్గర గడ్డిమోపుతో ఒకామె ఎదురైంది. లోయ చూశావా అని హిందీలో అడిగింది. చూశానన్నాను. "మా అత్త ఏటా అక్కడే ఉండేది. మేం ఇప్పుడు టిక్కెట్టు కొనాలి" అని నవ్వింది. నా జేబులో ఆ టిక్కెట్టు ఉంది.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలను వాళ్ల నోటితోనే మాట్లాడించింది. ఈ లోయకూ అలాంటి పుస్తకం కావాలి. అందాకా నేను దాటిన మంచు మీది గుంటల్లాగే వాళ్ల అడుగులూ కరిగిపోతుంటాయి. రాయి మీది పేరు మాత్రం నిలిచి ఉంటుంది.