కారు ఆంప్లిఫైయర్, సబ్‌వూఫర్: లోప నిర్ధారణ పద్ధతి చరిత్ర

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- 1930 నుంచి కారులో ధ్వని వ్యవస్థ ఎలా మారుతూ వచ్చిందో వివరించగలుగుతారు.
- తక్కువ వోల్టేజీ సమస్య ఆంప్లిఫైయర్ నిర్మాణాన్ని ఎలా నిర్ణయించిందో చెప్పగలుగుతారు.
- మోగని సబ్‌వూఫర్‌ను ఏ వరసలో పరీక్షించాలో, ఆ వరసకు చారిత్రక కారణమేమిటో గుర్తించగలుగుతారు.

2. పరిచయం

కారు డిక్కీలోని సబ్‌వూఫర్ ఒకరోజు మూగబోయిందనుకోండి. స్పీకరు కాలిపోయిందని యజమాని కొత్తది కొంటాడు. అదీ మోగదు. ఆంప్లిఫైయర్ మారుస్తాడు. ఫలితం ఉండదు. అనుభవజ్ఞుడైన మెకానిక్ మాత్రం స్పీకరు జోలికి ముందే వెళ్లడు. మల్టీమీటరుతో మొదట ఆంప్లిఫైయర్‌కు అందుతున్న వోల్టేజీ చూస్తాడు. తరవాత ఎర్త్, రిమోట్ తీగ, సిగ్నల్ పరీక్షిస్తాడు. స్పీకరు వంతు చివరిది.

ఈ వరస ఎలా వచ్చింది? యంత్రాల చరిత్రను ఆవిష్కరణల జాబితాగానే కాక, వాడకం, మరమ్మతుల వైపు నుంచి కూడా చూడాలని బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ వాదించాడు. ఆ దృష్టితో చూస్తే కారు ధ్వని చరిత్ర ప్రధానంగా ఒకే సమస్య చుట్టూ తిరిగిందని తెలుస్తుంది. కారు బ్యాటరీ ఇచ్చే కొద్దిపాటి వోల్టేజీతో పెద్ద ధ్వనిని పుట్టించడమే ఆ సమస్య. ప్రతి తరం దానికి ఒక పరిష్కారం కనిపెట్టింది. ప్రతి పరిష్కారమూ తనదైన లోపాన్ని వెంట తెచ్చింది.

3. వాల్వుల కాలం

షికాగోలోని గాల్విన్ సంస్థ 1930లో మోటరోలా పేరుతో కారు రేడియోను మార్కెట్లోకి తెచ్చింది. 1947లో సంస్థ పేరే మోటరోలాగా మారింది. ఆనాటి రేడియోలు వాల్వులతో పనిచేసేవి. వాటిని నడపడానికి అధిక వోల్టేజీ అవసరం. అమెరికా కార్లలో ఎక్కువగా ఉన్నది 6 వోల్టుల బ్యాటరీయే. అందువల్ల మొదట్లో రేడియో కోసం విడిగా డ్రై బ్యాటరీలు అమర్చేవారు. అవి అయిపోయినప్పుడల్లా కొత్తవి కొనాలి.

దీనికి పరిష్కారంగా వచ్చింది వైబ్రేటర్. ఇందులో ఒక లోహపు పత్తి సెకనుకు వందసార్లకు పైగా కంపిస్తూ విద్యుత్తును తెంపుతూ, కలుపుతూ ఉంటుంది. అలా తునకలైన విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మర్ అధిక వోల్టేజీకి పెంచుతుంది. అయితే నిరంతరం కొట్టుకునే ఆ కొనలు అరిగిపోయేవి, ఒక్కోసారి అతుక్కుపోయి ఫ్యూజు కాలేది. కాబట్టి రేడియో మూగబోతే వైబ్రేటర్ గుయ్‌మంటోందా లేదా అని ముందుగా వినేవారు. విద్యుత్ సరఫరాను మొదట పరీక్షించే అలవాటు ఇక్కడే స్థిరపడింది. ఇంజనులోని స్పార్కు ప్లగ్గులు రేడియోలో చిటపటలు పుట్టించేవి కనుక, చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందన్న రెండో ప్రశ్న కూడా ఆనాటిదే.

4. ట్రాన్సిస్టర్, 12 వోల్టుల పరిమితి

అమెరికన్ సంస్థలు ఫిల్కో, క్రైస్లర్ 1955లో పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే కారు రేడియోను ప్రకటించాయి. ట్రాన్సిస్టర్‌కు అధిక వోల్టేజీ అక్కరలేదు. వైబ్రేటర్ కనుమరుగైంది. దాదాపు అదే కాలంలో అమెరికా కార్లు 12 వోల్టులకు మారాయి.

కానీ కొత్త పరిమితి ఎదురైంది. ఇంజను నడుస్తున్నప్పుడు 14.4 వోల్టులు అందుతున్నాయనుకోండి. సాధారణ ఆంప్లిఫైయర్ 4 ఓముల స్పీకరుకు సిద్ధాంతరీత్యా సుమారు 6.5 వాట్లకు మించి ఇవ్వలేదు. స్పీకరు రెండు కొనలనూ వ్యతిరేక దిశల్లో నడిపే బ్రిడ్జి పద్ధతిలో ఇది 26 వాట్లకు చేరుతుంది. అంతకు మించాలంటే మార్గాలు రెండే: స్పీకరు ఓములు తగ్గించడం, లేదా వోల్టేజీని మళ్లీ పెంచడం.

5. సబ్‌వూఫర్ రాక

తక్కువ పౌనఃపున్యాల ధ్వనికి మన చెవి సున్నితత్వం తక్కువ. వాటిని వినిపించాలంటే ఎక్కువ గాలిని కదిలించాలి, అంటే ఎక్కువ శక్తి కావాలి. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోనూ, రిచర్డ్ స్మాల్ 1970 దశకం ఆరంభంలోనూ ప్రచురించిన పరిశోధనలు స్పీకరునూ దాని పెట్టెనూ కలిపి ఒకే వ్యవస్థగా లెక్కించడం నేర్పాయి. పెట్టెకు పగులు ఏర్పడి గాలి కారినా బేస్ బలహీనపడుతుందని, ఆ తప్పు ఆంప్లిఫైయర్‌ది కాదని మెకానిక్ గ్రహించడానికి ఈ సిద్ధాంతమే ఆధారం.

1970 దశకంలో ఆరిజోనాకు చెందిన జిమ్ ఫాస్‌గేట్ వంటివారు కారు కోసం విడి ఆంప్లిఫైయర్లు తయారుచేశారు. తరవాతి శక్తిమంతమైన ఆంప్లిఫైయర్లలో వోల్టేజీని పెంచే కన్వర్టర్ స్థిరపడింది. ఒక విధంగా ఇది వైబ్రేటర్‌కు వారసుడే. కంపించే పత్తి స్థానంలో సెకనుకు వేలాది సార్లు తెరుచుకుని మూసుకునే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు వచ్చాయి. వైబ్రేటర్ కొనలు అతుక్కున్నట్టే ఇవి షార్ట్ అవుతాయి. ఫలితమూ అదే: ఫ్యూజు కాలడం.

ఈ పరిష్కారానికి మూల్యం కరెంటు. 400 వాట్ల ధ్వనిశక్తి కోసం 60 శాతం సామర్థ్యం గల ఆంప్లిఫైయర్ 14.4 వోల్టుల వద్ద సుమారు 46 ఆంపియర్లు లాగుతుంది. ఆ దారిలో 0.02 ఓముల అదనపు నిరోధం ఉన్నా దాదాపు 1 వోల్టు అక్కడే నష్టపోతుంది.

6. పరీక్షించే వరస

ఇప్పుడు మెకానిక్ వరసలోని తర్కం మీకు అర్థమవుతుంది.

అ) సరఫరా: ఇంజను ఆపినప్పుడు మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఆంప్లిఫైయర్ టెర్మినళ్ల వద్ద, బేస్ గట్టిగా మోగుతున్నప్పుడు కొలవాలి. అప్పుడు మాత్రమే వోల్టేజీ పడిపోతుంటే సన్నని తీగనో వదులైన కలుపునో అనుమానించాలి.

ఆ) ఎర్త్: రంగు పూసిన రేకుకు బిగించిన ఎర్త్ తీగ చాలా లోపాలకు మూలం. రంగు గీకి, శుభ్రమైన లోహానికి గట్టిగా బిగించాలి.

ఇ) రిమోట్ తీగ: స్టీరియో ఆన్ అయినప్పుడు ఆంప్లిఫైయర్‌ను మేల్కొలిపేది ఇదే. విడిగా కొనే స్టీరియోల్లో సాధారణంగా నీలం మీద తెల్ల గీత ఉంటుంది. ఇందులో 12 వోల్టులు లేకపోతే దీపం వెలగదు.

ఈ) ప్రొటెక్ట్ దీపం: వెలుగుతుంటే వ్యవస్థను ఆపి, స్పీకరు తీగలు విప్పి మళ్లీ ఆన్ చేయాలి. దీపం ఆరిపోతే లోపం స్పీకర్లలోనో వాటి తీగల్లోనో ఉండవచ్చు. సిగ్నల్ తీగ కూడా తీసేసినా ఆరకపోతే, సరఫరా సరిగానే ఉంటే, లోపం ఆంప్లిఫైయర్ లోపలే ఉండే అవకాశం ఎక్కువ.

ఉ) సిగ్నల్: ఇంజను వేగంతోపాటు హెచ్చే కూత వినిపిస్తే అది ఆల్టర్నేటర్ నుంచి, తరచుగా ఎర్త్ తేడాల వల్ల సిగ్నల్ తీగలోకి చేరుతుంది.

ఊ) స్పీకరు: తీగలు విప్పి కొలిస్తే 4 ఓముల కాయిల్ మీటరు మీద 4 కంటే కొంచెం తక్కువ చూపడం సహజం. అనంతం చూపితే కాయిల్ తెగింది. రెండేసి 4 ఓముల కాయిళ్లున్న రెండు సబ్‌వూఫర్లలో అన్నిటినీ సమాంతరంగా కలిపితే భారం 1 ఓము అవుతుంది. 2 ఓములకు తగ్గకూడని ఆంప్లిఫైయర్ అప్పుడు తననుతాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అది జబ్బు కాదు, హెచ్చరిక.

ఒక జాగ్రత్త. ఫ్యూజు పదేపదే కాలుతోందని పెద్ద ఫ్యూజు వేయకూడదు. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు ఉన్నది ముఖ్యంగా తీగను కాపాడటానికి. తీగ మోయలేనంత పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది, కారులో మంటలు చెలరేగవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వైబ్రేటర్‌కు, నేటి కన్వర్టర్‌కు గల ఒక పోలికను, ఒక తేడాను రాయండి.

7. సారాంశం

వైబ్రేటర్, ట్రాన్సిస్టర్, కన్వర్టర్ మూడూ తక్కువ వోల్టేజీ సమస్యకు వేర్వేరు కాలాలు ఇచ్చిన సమాధానాలు. సరఫరా నుంచి స్పీకరు దాకా సాగే పరీక్షల వరస ఆ చరిత్రనే ప్రతిబింబిస్తుంది. ఫలితం కనిపించే చోటే కారణం ఉండాలన్న నియమం లేదు. మూగబోయింది స్పీకరే అయినా కారణం రంగు పూసిన ఒక రేకు కావచ్చు. యంత్రం విషయంలోనూ, సమాజం విషయంలోనూ చరిత్ర విద్యార్థి మొదట నేర్చుకోవలసిన జాగ్రత్త ఇదే.

8. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. కారు ధ్వని వ్యవస్థ పరిణామంలో తక్కువ వోల్టేజీ సమస్య పాత్రను చర్చించండి.
2. సబ్‌వూఫర్ మోగనప్పుడు పాటించవలసిన పరీక్షల వరసను కారణాలతో వివరించండి.